ఐదో అంతస్తు సైకిల్

మాఘ శుద్ధ దశమి. దారి తేలదు.

ఈ పుస్తకం పదహారో మేడ ఐదో అంతస్తుది. రాసేది యర్రంశెట్టి గవర్రాజు, అంతస్తు పెద్ద. వయసు యాభై ఎనిమిది, మోకాళ్ళ వయసు డెబ్బై. ఉప్పుటేరు దారి నీళ్ళలోంచి ఎప్పుడు తేలిందో, ఉప్పు వడగట్టే నీటి జల్లెడలు ఎప్పుడు కడిగామో, లిఫ్టు ఎన్ని గంటలు నడిచిందో, ఎవరి గోడకి ఎంత ఉప్పు పట్టిందో రాయమని అసోసియేషన్ ఇచ్చింది. నేను అక్కర్లేనివి కూడా రాస్తానని మా ఆవిడ భూలక్ష్మి అంటుంది. కాగితం మనది కాదు కదా, రాస్తే ఏం పోయింది.

పోయిన వారం పద్నాలుగో మేడలో రెండు సైకిళ్ళు పోయాయి. దొంగలు పడవలో వచ్చి, గొలుసులు కోసి, పట్టపగలే ఎత్తుకుపోయారు. ఇనుము దొరకని రోజుల్లో సైకిలంటే బంగారమే. అందుకని మా అసోసియేషన్ ఆగమేఘాల మీద గూళ్ళు తెప్పించింది. కింది రెండంతస్తులూ సముద్రం తీసుకున్నాక మూడో అంతస్తు వరండాయే మాకు రేవు. ఆ రేవు పక్కన గోడకి ఉక్కు అరలు బిగించారు. యజమాని అరచెయ్యి ఆనిస్తే అర తెరుచుకుని సైకిల్ కిందికి దిగుతుంది. రెండు గంటల్లోపు మళ్ళీ అదే చెయ్యి ఆనించి లోపల పెట్టకపోతే దొంగతనమని కూత పెడుతుంది.

చిక్కల్లా ఫారంతో వచ్చింది. అందులో యజమాని అన్న గడి ఒక్కటే ఉంది, దాన్ని మళ్ళీ మార్చాలంటే ఏడాది ఆగాలి. మా అంతస్తు సైకిల్‌కి యజమాని లేడు. పన్నెండేళ్ళ కిందట ఫ్లాటు ఖాళీ చేసినాయన వదిలేసిపోతే, అప్పట్నుంచీ ఆరిళ్ళవాళ్ళమూ వాడుకుంటున్నాం. తీసుకెళ్ళేవాళ్ళు రేవులో స్తంభానికున్న పలక మీద ఫ్లాటు నంబరు రాస్తారు. తెచ్చాక గాలి కొట్టి, నంబరు చెరిపేస్తారు.

సాయంత్రం అందరం వరండాలో చేరాం. మాస్టారి పేరు రాద్దామన్నాను. "అబ్బే, పెద్దవారు మీరుండగా నాకెందుకండీ" అన్నారు పాపారావు మాస్టారు. ఆయన నాకన్నా పదేళ్ళు పెద్ద.

నిజానికి ఆ సైకిల్ ఎక్కువ అవసరం నూకరత్నానికి. చివరి ఫ్లాటులో ఉంటుంది, వలలు బాగుచేసి బతుకుతుంది. మొగుడు నాలుగేళ్ళ కిందట సముద్రంలో పోయాడు. ఎనిమిదేళ్ళ కూతురు సత్యవేణికి ఈ నిమ్ముకి ఊపిరితిత్తులు పాడైతే, ఉప్పుటేరు అవతల దిబ్బ మీద, జబ్బు పిల్లల్ని ఎండ పట్టున పెట్టి చదువు చెప్పే ఎండబడిలో ఉంచారు. పిల్లని చూడనిచ్చేది పౌర్ణమికీ అమావాస్యకీ మాత్రమే, అదీ ఆటు తీసి పాత రోడ్డు నీళ్ళలోంచి తేలిన గంటన్నరసేపు. నడిస్తే వెళ్ళడానికే గంట పడుతుంది, సైకిల్ మీదైతే ఇరవై నిమిషాలు. ఆ బురదలో పడవలు నడవవు.

రత్నం పేరు రాయాలని నాకు తోచింది. పైకి అంటే మిగతావాళ్ళు ఏమనుకుంటారోనని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. "బాబాయిగారి పేరే రాసెయ్యండి, ఆయనైతే అందరికీ ఇత్తారు" అంది రత్నమే. అందరూ సరేనన్నారు. నేను రెండుసార్లు వద్దని, మూడోసారి సంతకం పెట్టాను.

మాఘ శుద్ధ ద్వాదశి. దారి తేలదు.

జల్లెడలు కడిగాం. రెండు బకెట్ల ఉప్పు వచ్చింది. మబ్బు పట్టడంతో లిఫ్టు మూడు గంటలే నడిచింది.

సైకిల్ గూట్లోకి ఎక్కింది. చంటిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు ఎంత మెత్తగా ఎత్తుకుందో. నా ఒక్కడి చేతికే తెరుచుకునే తలుపు ఈ లోకంలో ఒకటుందంటే, రాయడానికి సిగ్గుగా ఉంది గాని, లోపల సంతోషంగానే ఉంది.

మాఘ పౌర్ణమి. దారి రెండున్నరకి తేలింది, నాలుగింటికి మునిగింది.

రెండుంపావుకి తలుపు చప్పుడైంది. రత్నం గడప అవతలే నిలబడి, "పడుకున్నారాండి బాబాయిగారూ? లేపేశానాండి?" అంది. లేపేసింది మరి. లేదమ్మా అన్నాను.

మధ్యాహ్నం కరెంటంతా నీటి పంపులకే పోతుంది కాబట్టి లిఫ్టు ఉండదు. ఐదు నుంచి మూడుకి నలభై నాలుగు మెట్లు. ఒక్కో మెట్టుకీ నా మోకాళ్ళు ఒక్కో దేవుణ్ణి తలుచుకున్నాయి. చెయ్యి ఆనించాను, సైకిల్ దిగింది. తను ఎక్కబోతుంటే, "నీ పుణ్యమా అని నాకు మోక్షం ఖాయమే రత్నం, మోకాళ్ళు మాత్రం నాకంటే ముందే వెళ్ళిపోయేట్టున్నాయి" అన్నాను. రేవులో ఉన్న నలుగురూ పకపకా నవ్వారు. తనూ నవ్వింది. మాట అలా సమయానికి తగలడం కూడా ఒక విద్యే.

నాలుక్కి పది నిమిషాలుందనగా వచ్చింది. లోపల పెట్టడానికి నేను మళ్ళీ నలభై నాలుగు మెట్లూ దిగాను. పిల్ల రెండు కిలోలు పెరిగిందట, దగ్గు తగ్గిందట, ఈసారి ఎర్ర రిబ్బను తెమ్మందట. "మీకు చాలా శ్రమ ఇచ్చేశానండి" అని మూడుసార్లంది. "అదేం మాట, నీ సైకిలే అనుకో" అన్నాను. పైకి ఎక్కేటప్పుడు అబ్బా, అమ్మా అనకుండా ఉండాల్సింది. వెనకాలే వస్తోంది కదా.

మాఘ బహుళ పంచమి. దారి తేలదు.

ఆరో నంబరు ఫ్లాటు గోడకి వేలెడు మందాన ఉప్పు. గీకించాం.

ఐదు రోజులైంది, సైకిల్ కావాలని ఒక్కరూ రాలేదు. ఇదివరకు రోజుకి నాలుగు నంబర్లు పడేవి పలక మీద. మాస్టారు మందుల కోసం తొమ్మిది వంతెనలు దాటి నడిచి వెళ్ళొచ్చారు. సైకిల్ తీసుకోకపోయారా అంటే, "ఈ వయసులో నడక మంచిదటండీ" అన్నారు. ఇదివరకు నెలకి రెండు పంక్చర్లు, ఇప్పుడు ఒక్కటీ లేదు. ఒక గీత లేదు, తుప్పు లేదు. భద్రంగా ఉండటమంటే ఇదీ.

మాఘ అమావాస్య. దారి రెండున్నరకి తేలింది, నాలుగింటికి మునిగింది.

మధ్యాహ్నం కంటినిండా నిద్రపోయాను. ఎవరూ తలుపు కొట్టలేదు. పిల్ల కులాసాగా ఉంది కదా, ఈ పక్షం మానుకున్నట్టుంది రత్నం.

ఫాల్గుణ శుద్ధ అష్టమి. దారి తేలదు.

పొద్దున్నే భూలక్ష్మి అందుకుంది. "రత్నం పోయిన అమావాస్యకి పిల్ల దగ్గరికి వెళ్ళలేదు, చూశారా?"

"అడగలేదు మరి."

"అడక్కపోతే మీరే వెళ్ళి అడగచ్చుగా."

"నేను పనిగట్టుకుని వెళ్ళి సైకిల్ కావాలా అంటే, ఏదో నా సొత్తు దానం చేస్తున్నట్టుండదూ? పదిమందీ ఏమనుకుంటారు?"

"బావుంది. అడగడానికి దానికి మొహమాటం, ఇవ్వడానికి మీకు మొహమాటం. మధ్యన సైకిల్ మాత్రం హాయిగా పడుకుంది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నోరున్న మనిషి అడుగుతుంది. అడిగితే నేను కాదన్నానా? ఈ మాట రాసిపెడుతున్నాను.

ఫాల్గుణ పౌర్ణమి. దారి రెండున్నరకి తేలింది, నాలుగింటికి మునిగింది.

భూలక్ష్మి పోరు పడలేక రెండింటికి బయటికి వచ్చాను. రత్నం వరండా చివర కూర్చుని వల కడుగుతోంది. ఉప్పుటేరు అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది.

"ఇవాళ వెళ్ళటం లేదేమ్మా?"

"లేదండి బాబాయిగారూ. పనుందండి."

"వెళ్ళాలంటే చెప్పు, కిందికి వస్తాను."

"అయ్యో, మీరెందుకండీ. పడుకోండి. మోకాళ్ళు ఎలాగున్నాయండి?"

"వాటి సంగతి అడక్కు తల్లీ, మెట్టు చూస్తేనే ఏడుస్తున్నాయి" అన్నాను. పనుందన్న మనిషిని బలవంతం చేస్తే బాగుండదు కదా. నాలుగింటికి మళ్ళీ బయటికొస్తే ఇంకా అక్కడే ఉంది. అదే వల. అంత మురికి పట్టిన వల నేనెక్కడా చూడలేదు.

ఫాల్గుణ బహుళ దశమి. దారి తేలదు.

ఇవాళ శుభవార్త. ఐదు నెలల కిందట పేరు ఇచ్చుకుంటే ఇప్పటికి నా మోకాళ్ళకి పిలుపొచ్చింది. ఇరవై రెండో మేడలో మరమ్మతు. త్రయోదశి పొద్దున్న చేరాలి, మూడు రోజులుంచుకుని పంపుతారు. ఈ వంతు తప్పితే మళ్ళీ ఆరు నెలలట. వరండాలో కనపడినవాళ్ళకల్లా చెప్పాను. చెప్పకుండా ఉంటే కడుపుబ్బిపోయేది.

మాస్టారు పంచాంగం చూసి, రాబోయే అమావాస్యకి ఏడాదిలోకెల్లా పెద్ద ఆటు అన్నారు. దారి ఒకటిన్నరకే తేలి మూడు ముప్పావు దాకా ఉంటుందట. రత్నం రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. "రెండుంపావు గంటలాండి? కరెస్టేనాండి?" అని. మాస్టారికి తన లెక్కలు వినేవాళ్ళు దొరికితే పండగే, మరో అరగంట చెప్పారు.

ఫాల్గుణ బహుళ ద్వాదశి. దారి తేలదు.

రేపే ప్రయాణం. భూలక్ష్మి బట్టలు సర్దుతుంటే రత్నం వచ్చింది, మామూలుగానే గడప అవతల.

"ఎన్ని రోజులండి?"

"మూడు. అమావాస్య సాయంత్రానికి వదిలితే పాడ్యమి పొద్దున్నకి ఇక్కడుంటాం" అన్నాను.

"అంటే అమావాస్యకి ఉండరండి."

"ఉండను. ఏం, పనేమైనా ఉందా?"

రత్నం చేతిలో మడతపెట్టిన కాగితం ఏదో ఉంది. రేషన్ చీటీ అనుకున్నాను.

"ఏం లేదండి. బాగుచేయించుకుని రండి. ఎన్నాళ్ళనించో చూత్తన్నారు కదండీ" అని వెళ్ళిపోయింది. మంచి పిల్ల. శుభం పలకడానికి వచ్చింది.

చైత్ర శుద్ధ పాడ్యమి. దారి రెండుంపావుకి తేలింది, మూడున్నరకి మునిగింది.

కొత్త మోకాళ్ళతో పడవ దిగాను. మెట్లు ఒక్క బిగిన ఎక్కుదామని చూస్తుంటే మాస్టారు రేవులోనే ఎదురయ్యారు. నా మోకాళ్ళ సంగతి అడగలేదు. ఆయన చెప్పిందే రాస్తున్నాను.

నిన్న ఒంటిగంటకి, దారి ఇంకా తేలకముందే, రత్నం నడిచి బయల్దేరిందట. మోకాలి లోతు నీళ్ళలో దిగి నడిచిందట. రెండుంపావు గంటలు దారి ఉంటే నడిచి వెళ్ళి, పిల్ల మొహం చూసి, సంతకం పెట్టి రావచ్చని లెక్క. లెక్క తప్పు కాదు. తూర్పుగాలి లేచింది. నీళ్ళలో నడక సాగక మూడింట రెండొంతులు వెళ్ళేసరికే రెండు దాటింది, నీళ్ళు వేళ కాకుండానే రోడ్డెక్కడం మొదలుపెట్టాయి. బడి నుంచి తిరిగొస్తున్నవాళ్ళు ఎవరో బలవంతాన సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని వెనక్కి తెచ్చేశారు. బడి గోడ కనిపించిందట. గోడ దగ్గర ఎవరో పిల్లలు నిలబడి ఉన్నారట, అందులో తన పిల్ల ఉందో లేదో తెలియలేదట.

ద్వాదశినాడు చేతిలో ఉన్నది రేషన్ చీటీ కాదు. వరసగా రెండుసార్లు ఎవరూ చూడటానికి రాలేదు, మూడోసారీ రాకపోతే పిల్లని ఎవరూ లేనివాళ్ళ జాబితాలో రాసి ఎగువ బడికి పంపేస్తామని బడివాళ్ళు పంపిన నోటీసు. ఎగువ బడి అంటే కొండల మీద, పద్దెనిమిది రోజుల ప్రయాణం. ఈ పొద్దున్న సత్యవేణితో సహా జాబితాలోని పిల్లల్ని ఎగువకి పంపేశారు.

ఇవాళ ఉగాది. భూలక్ష్మి పచ్చడి చెయ్యలేదు.

చైత్ర శుద్ధ విదియ. దారి తేలదు.

రత్నం ఇంటికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ గడప నేనెప్పుడూ దాటలేదు. లేచి కుర్చీ వేసింది. మంచినీళ్ళిచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నాతో ఒక్క మాట అనకపోయావామ్మా? ప్రయాణం మానుకునేవాణ్ణి కదా."

"మానేత్తారనే అనలేదండి" అంది. "ఐదు నెలల్నించి చూత్తన్నారు. నా కోసం మీ మోకాళ్ళు ఎలా పాడుచేత్తానండి? నడిచెళ్ళిపోదారిలే అనుకున్నాను."

"అంతకుముందు పౌర్ణమికైనా? నేనే వచ్చి అడిగానుగా."

"రెండుసార్లు దిగాలి, రెండుసార్లు ఎక్కాలి కదండీ మీరు. నా వల్ల ఒకళ్ళకి ఇబ్బంది ఎందుకనండి. మీ తప్పేం లేదండి బాబాయిగారూ."

మీ తప్పే అని ఉంటే ఎంత బాగుండేది. తిట్టి ఉంటే పడి ఉండేవాణ్ణి. ఇంటికొచ్చి ఈ పుస్తకం మొదట్నుంచీ చదివాను. మాఘ పౌర్ణమి పేజీ దగ్గర ఆగిపోయాను. మాట సమయానికి తగిలిందని రాసుకున్నాను. తగిలింది నిజమే. ఆ పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు, నేను చేసిన పని ఈ పుస్తకంలో ఉండాల్సిందే. ఆ రోజు ఫారం నా చేతిలో ఉంది, కలం నా చేతిలో ఉంది. నూకరత్నం అని రాస్తే ఎవరు కాదనేవారు?

చైత్ర శుద్ధ షష్ఠి. దారి తేలదు.

జల్లెడలు కడగలేదు.

రత్నాన్ని వెంటబెట్టుకుని ఉప్పుటేరు ఇవతలే ఉన్న బడి ఆఫీసుకి వెళ్ళాను. తప్పు నాది, తాళం నా చేతిలో ఉంది, తల్లి వెళ్ళలేకపోయిందే గాని వెళ్ళడం ఇష్టం లేక కాదు అని రాసిచ్చాను. అక్కడి గుమాస్తా మంచివాడే, మొత్తం చదివాడు. "ఒకసారి జాబితాలోకి ఎక్కితే మా చేతుల్లో ఉండదండి. తల్లి వెళ్ళి అక్కడే ఏడాది కాపురముంటే, అప్పుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు" అన్నాడు. ఏడాది తర్వాత ఇస్తారా అని అడిగాను. పెట్టుకోవచ్చు అన్నాడు మళ్ళీ.

తిరిగొచ్చేటప్పుడు వంతెన మీద రత్నం, "ఎల్లిపోతానండి. అక్కడ రాళ్ళ పని ఉంటాదంట" అంది.

చైత్ర పౌర్ణమి. దారి రెండున్నరకి తేలింది, నాలుగింటికి మునిగింది.

రత్నం పొద్దున్న పడవకి వెళ్ళిపోయింది. రెండు మూటలు, ఒక వల సూది. అంతస్తు అంతా రేవుకి దిగింది.

నేను ముందే దిగి, చెయ్యి ఆనించి, సైకిల్ తీసి, గాలి కొట్టి సిద్ధంగా ఉంచాను. కొండల మీద రోడ్లు పొడిగా ఉంటాయి, అక్కడ బాగా పనికొస్తుంది. అసోసియేషన్‌కి నేను చెప్పుకుంటాను, కూత పెడితే పెట్టనీ అనుకున్నాను.

"తీసుకెళ్ళమ్మా."

"వద్దండి బాబాయిగారూ. మీ సైకిల్ నాకెందుకండి?"

"నాదేంటమ్మా, మనందరిదీ కదా."

"ఇదివరకండి" అంది. కోపంతో కాదు. ఆ మాటలో కోపం వెతికాను, దొరకలేదు. పడవలో కాలు పెట్టబోతూ మళ్ళీ ఆగి, "మోకాళ్ళు ఎలాగున్నాయండి? మెట్లు దిగ్గలుగుతున్నారాండి?" అని అడిగింది.

"దిగగలుగుతున్నానమ్మా."

"సంతోషమండి" అంది.

పడవ వెళ్ళిపోయింది. మెట్లన్నీ ఆగకుండా ఎక్కాను. ఎక్కడా నొప్పి లేదు.

చైత్ర బహుళ షష్ఠి. దారి తేలదు.

గూడు నాకు వద్దని అసోసియేషన్‌కి రాసిచ్చి, ఆ అర ఖాళీ చేశాను. ఐదు రోజుల కిందట సైకిల్‌ని తాళం లేకుండా రేవులో వదిలేశాను. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకెళ్ళండని ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పాను. అందరూ అలాగేనండి అన్నారు. రోజూ దిగి చూస్తున్నాను. ఎవరూ ముట్టుకోలేదు. దొంగలు కూడా రాలేదు.

ఇవాళ మధ్యాహ్నం మాస్టారు తలుపు కొట్టారు. మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

"ఏంటండీ గవర్రాజు గారూ, ఈ రోజుల్లో అంత నిర్లక్ష్యంగా వదిలేస్తారా? మీ వస్తువు పోతే మా అందరికీ మాటొస్తుంది. మా ఇంట్లో పాత గొలుసొకటి పడి ఉంటే, ఇప్పుడే కిందికెళ్ళి కట్టేసి వచ్చాను. ఇంక మీరు నిశ్చింతగా ఉండండి" అని తాళంచెవి నా ముందు పెట్టారు.

వద్దండీ, విప్పేయండి అనాలి. నోటిదాకా వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నా కోసం నలభై నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చారు. నుదుట చెమట తుడుచుకుంటూ నా మొహంలోకి చూస్తున్నారు.

మొహమాటపడి తీసుకున్నాను.